లండన్ బోర్డు స్కూలు భవనం (1894): మూడు హాళ్లు ఎందుకు, కిటికీలు అంత ఎత్తులో ఎందుకు, ఇటుకలు ఎందుకు రాలుతున్నాయి?

ప్రశ్న

నమస్కారం అండి. తూర్పు లండన్‌లోని ఒక ప్రాథమిక పాఠశాల భవనం గురించి అడుగుతున్నాను. గోడలో చెక్కిన పలక మీద "స్కూల్ బోర్డ్ ఫర్ లండన్, 1894" అని ఉంది. మూడంతస్తులు. పసుపు ఇటుక గోడలు, కిటికీల చుట్టూ ఎర్ర ఇటుక. మగపిల్లలకు, ఆడపిల్లలకు, చిన్నపిల్లలకు విడివిడి గుమ్మాలు, వాటి పైన రాతిలో ఆ పేర్లు. భవనం గ్రేడ్ 2 రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. మరమ్మతుల కమిటీ సమావేశంలోపు ఈ విషయాలు తెలుసుకోవాలి.

ఒకటి, ప్రతి అంతస్తులోనూ ఒకే కొలతల హాలు ఉంది, అలా ఎందుకు కట్టారు? మధ్యభాగంలో మూడు వరుసల కిటికీలుంటే రెండు చివరల్లో ఆరు వరుసలున్నాయి, అది ఎలా? రెండు, తరగతి గదుల కిటికీల అడుగు అంచు పిల్లల తలకన్నా ఎత్తులో ఉంది. దాన్ని కిందికి దించవచ్చా? మూడు, నైరుతి గోడలో ఇటుకల ముఖాలు పొరలుగా ఊడిపోతున్నాయి, సందుల్లో పైపైన నింపిన బూడిదరంగు మాలు (పాయింటింగ్) మాత్రం గట్టిగా ముందుకు పొడుచుకొని ఉంది. ఒక కాంట్రాక్టరు సందులన్నీ మళ్లీ సిమెంటుతో నింపి, పైన నీళ్లు అంటని సిలికాన్ పూత వేసి, కిటికీలు తీసేసి ప్లాస్టిక్ డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల గాజు) కిటికీలు పెడతామని అంచనా ఇచ్చాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు 1

హాళ్ల సంగతి ముందు చెబుతాను, అది అర్థమైతే భవనం మొత్తం చదవడం వస్తుంది.

మీరు చూస్తున్నది ఒక బడి కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు బడులు. కింద చిన్నపిల్లలు, పై రెండంతస్తుల్లో మగపిల్లలు ఒకచోట, ఆడపిల్లలు ఒకచోట. మూడు విభాగాలకూ ముగ్గురు ప్రధానోపాధ్యాయులు, ఎవరి హాలు వారిది, ఎవరి మెట్లు వారివి. ఇరుకైన పేటల్లో ఇళ్లు కూల్చి సంపాదించిన కొద్దిపాటి స్థలంలో ఆటస్థలం మిగలాలంటే పైకి కట్టడమొక్కటే దారి. కొన్నిచోట్ల అదీ చాలక కప్పు మీదే చుట్టూ ఎత్తయిన గోడ కట్టి ఆటస్థలం చేశారు.

చివర్లలో ఆరు వరుసల కిటికీలకు కారణం కూడా ఇందులోనే ఉంది. తరగతి గదులూ, హాలూ బాగా ఎత్తుగా ఉండాలి. కోట్లు తగిలించుకునే గదికీ, ఉపాధ్యాయుల గదికీ అంత ఎత్తు దండగ. అందుకని రెండు చివరల మెట్ల పక్కన, ఒక అంతస్తు ఎత్తులో రెండు చిన్న గదులు ఒకదానిపై ఒకటి ఇరికించారు. మెట్ల మలుపు దగ్గర వాటికి తలుపులుంటాయి. బయట నుంచి చూస్తే మధ్యలో మూడు పెద్ద కిటికీలు, పక్కన ఆరు చిన్నవి.

పలక మీది సంవత్సరం కూడా చాలా చెబుతుంది. 1870 ప్రాథమిక విద్యా చట్టంతో లండన్‌కు ఎన్నికైన స్కూల్ బోర్డు, అంటే బడులు కట్టి నడిపే సంస్థ, వచ్చింది. 1904లో అది రద్దయి బడులు లండన్ కౌంటీ కౌన్సిల్ చేతికి వెళ్లాయి. 1871లో బోర్డు ఆర్కిటెక్టుగా ఇ.ఆర్. రాబ్సన్ వచ్చాడు, 1884లో ఆయన స్థానంలోకి టి.జె. బెయిలీ. రాబ్సన్ తొలి బడులు కాస్త పొట్టిగా, ఎడాపెడా గేబుళ్లతో (కప్పు చివర ముక్కోణపు గోడలతో), రెండు పక్కలా ఒకేలా ఉండని ఆకారంలో కనిపిస్తాయి. మీ 1894 భవనం బెయిలీ కాలానిది. నడుమ హాళ్ల దొంతర, రెండు వైపులా మెట్ల గోపురాలు, అద్దంలో చూసినట్టు సరిసమానమైన ముఖభాగం. ఈ పద్ధతి అప్పటికి బాగా కుదురుకుంది.

ఇంకొకటి. అప్పటిదాకా చర్చి నడిపే బడులు ఎక్కువగా మొనదేలిన కమానులతో గోథిక్ పద్ధతిలో కట్టేవారు. బోర్డు బడి ఏ చర్చికీ చెందినది కాదు, అది బయటికి తెలియాలి. రాబ్సన్, ఆయన భాగస్వామి జె.జె. స్టీవెన్సన్ ఎంచుకున్న, ఎర్ర ఇటుక, తెల్ల చెక్క కిటికీలు ఉండే క్వీన్ ఆన్ పద్ధతికి అది ఒక కారణం. రెండోది పూర్తిగా పనికి సంబంధించినది: గోథిక్ కిటికీ సన్నం, పైగా కమాను మొన దగ్గర గాజు తగ్గిపోతుంది. తెల్ల రంగు వేసిన నిలువు చెక్క కిటికీ పైదాకా నలుచదరంగా ఉండి, వెలుగు ఎక్కువిస్తుంది, సులువుగా తెరుచుకుంటుంది. ఇటుకలో చెక్కిన పొద్దుతిరుగుడు పువ్వు ఎక్కడైనా కనిపిస్తే అదీ ఆ పద్ధతి గుర్తే.

ఈ నమూనాలో ఒక లోపముంది, అది మీకు రోజూ ఎదురవుతూనే ఉంటుంది. హాలుకు ఆనుకున్న గదికి ఒక పక్కే బయటి గోడ. రెండో పక్క హాల్లోంచి ప్రధానోపాధ్యాయుడు చూడటానికి పెట్టిన గాజు తలుపులు. అందువల్ల ఈ పక్క నుంచి ఆ పక్కకు గాలి ఆడదు. 1907 చట్టంతో బడిపిల్లలకు వైద్య పరీక్షలు మొదలయ్యాక ఈ లోపం మీద దృష్టి పడింది. డెర్బీషైర్, స్టాఫర్డ్‌షైర్‌లలో తర్వాత కట్టిన బడుల్లో హాలును విడిగా పెట్టి, గదులకు రెండు వైపులా కిటికీలు ఇచ్చారు.

జవాబు 2

పైన చెప్పినదానికి చిన్న చేర్పు. బడికి పెద్ద గది అనే ఆలోచన ఇంగ్లండులో అంతగా పాతుకుపోవడంలో మద్రాసుకూ భాగముంది. ఆండ్రూ బెల్ 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్నాడు. అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు, దాన్నే తన ఆశ్రమంలో పెట్టి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని గురించి అచ్చువేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతోనే అది ఇంగ్లండు అంతా పాకింది, 1811లో ఏర్పడిన, చర్చి బడులు నడిపే నేషనల్ సొసైటీ దాన్ని తన బడులన్నిటికీ తీసుకుంది. 1798లో సదర్క్‌లో బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టర్‌దీ ఇంచుమించు అదే దారి. ఒక్క మాస్టారు, వందల మంది పిల్లలు, మధ్యలో చిన్నవాళ్లకు చెప్పే పెద్ద పిల్లలు, అంటే చట్టాంపిళ్లలు. అలాంటి బడికి కావలసింది ఒకే ఒక పెద్ద గది.

తరగతికొక గది, గదికొక ఉపాధ్యాయుడు అన్నది ప్రష్యా (నేటి జర్మనీలో భాగమైన పాత రాజ్యం) పద్ధతి. లండన్ బోర్డు దాన్ని స్టెప్నీలోని జాన్సన్ స్ట్రీట్ బడిలో ఆర్కిటెక్టు టి. రోజర్ స్మిత్ చేత 1870ల తొలినాళ్లలోనే కట్టించి చూసింది. జీతాల ఖర్చు వల్ల అంతటా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మీ 1894 భవనం నాటికి చదువంతా గదుల్లోకి వెళ్లిపోయింది, హాలు ప్రార్థనకీ, డ్రిల్లుకీ, పాటలకీ మిగిలింది.

ఇక కిటికీలు. అడుగు అంచు ఎత్తుగా ఉండటం బయటికి దిక్కులు చూడకుండా అన్నది నిజమే, కానీ అది సగం కారణం. కిటికీ పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే వెలుగు గదిలోకి అంత దూరం వెళుతుంది. ఒక్కో గదిలో 60 మంది కూర్చునే రోజుల్లో చివరి బల్ల దాకా వెలుగు చేరాలి, అందుకే గాజును సీలింగు దాకా తీసుకెళ్లారు. పెద్ద కిటికీ ఎడమ పక్కనే ఉండాలన్నది రెండో నియమం, కుడిచేత్తో రాసేటప్పుడు చేతి నీడ కాగితం మీద పడకుండా. ఖాళీ గదిలో పెద్ద కిటికీని మీ ఎడమ పక్కకు ఉంచుకొని నిలబడండి. మీ ఎదుటి గోడే మొదట నల్లబల్ల ఉన్న గోడ. ఇప్పుడు తెర పెట్టిన గోడ అది కాకపోతే, మధ్యాహ్నం తెర మీద వెలుగు పడి అక్షరాలు కనబడటం లేదని వచ్చే ఫిర్యాదుకు కారణం అదే.

కాబట్టి అంచు దించడం వద్దు. గోడ బలహీనపడుతుంది, అనుమతి దొరకదు, వెలుగులో పెద్ద లాభమూ ఉండదు. దానికన్నా పైన చూడండి. వేలాడే ఫాల్స్ సీలింగు ఉండి అది కిటికీ పైభాగాన్ని కోసేస్తుంటే, దాన్ని తీసేయడమే ఆ గదికి చేయగల అతిపెద్ద మేలు.

గోడల్లో నేల నుంచి ఐదారు అడుగుల ఎత్తుకు లేచే గొట్టాలుగానీ, సీలింగు దగ్గర ఇనుప జాలీలుగానీ కనబడితే మూసేయకండి. మొదటివి టోబిన్ గొట్టాలు, బయటి గాలిని పిల్లల తలల పైకి వదులుతాయి. జాలీలు పొగగొట్టాల పక్కనున్న దారిలో వేడిగాలిని పైకి పంపుతాయి. కప్పు మీద గంటగోపురంలా ఉన్నది చాలా బడుల్లో గాలి బయటికి పోయే మూతి కూడా. వీటిని అట్టలతో మూసి, ఆపైన కిటికీలకు రంగు అంటుకుపోతే చలికాలంలో గోడలు చెమరుస్తాయి, మూలల్లో బూజు పడుతుంది. వాడకంలో లేని పొగగొట్టానికి పైన వాన పడని మూత, కింద గదిలో ఒక జాలీ, రెండూ ఉండాలి. రెండు వైపులా బిగించేస్తే మసిలోని లవణాలు తడిసి గోడ మీద గోధుమరంగు మరకలుగా దిగుతాయి.

జవాబు 3

ఇటుకల గురించి: ఆ అంచనాకు ఒప్పుకోకండి. గోడకు ఇప్పుడున్న జబ్బు సిమెంటు వల్ల వచ్చిందే, మందుగా మళ్లీ దాన్నే రాసిచ్చారు.

లండన్ స్టాక్ ఇటుక మట్టిలో సుద్ద, జల్లెడ పట్టిన బొగ్గు బూడిద కలిపి చేసేవారు. ఇనుముండే మట్టి ఎర్రగా కాలాల్సింది, సుద్దలోని సున్నం వల్ల పసుపుపచ్చగా వచ్చింది. బూడిదలో మిగిలిన బొగ్గు ఇటుక లోపలే మండి నల్లటి చుక్కలు, చిన్న రంధ్రాలు వదిలింది. చేత్తో పట్టుకొని చూస్తే బయట పలుచటి గట్టి పొర, లోపల రస్కులా గుల్ల. దాన్ని కట్టిన సున్నపు మాలు ఇటుక కన్నా మెత్తన. వాన పడితే గోడ తడుస్తుంది, ఎండగానే తడి ఆ మెత్తటి సందుల్లోంచి బయటికి పోతుంది. సందును సిమెంటుతో బిగిస్తే తడికి ఇటుక ముఖం ఒక్కటే దారి. లవణాలు పై పొర వెనక గడ్డకడతాయి, చలికి ఆ తడి మంచై ఉబ్బుతుంది, పొర ఊడి కింద పడుతుంది. లండన్‌లోనూ వానగాలి ఎక్కువగా నైరుతి నుంచే, అందుకే ముందు ఆ గోడే పోయింది. గానుగ సున్నంతో కట్టిన మన మండువా ఇళ్లకు సిమెంటు గిలాబా కొట్టించి, రెండేళ్లకే గోడ అడుగు నెమ్ము పట్టడం చూసినవారికి ఇది తెలిసిన సంగతే.

సిలికాన్ పూత ఇంకా చెడ్డది. సన్నటి పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతూనే ఉంటాయి, బయటికి మాత్రం రావు.

పని మొదలుపెట్టే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోండి. జోరువానలో గొడుగేసుకొని ఆ గోడ ముందు పావుగంట నిలబడితే చాలు, పగిలిన పోత ఇనుప గొట్టమో, నిండిన గట్టరో కంటికే తెలుస్తుంది. ఆ గొట్టం వెనక వైపు, గోడకు ఆనుకున్న చోట, రంగు తగలక తుప్పు పట్టి నిలువునా చీలుతుంది. ముందు నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. చిన్న అద్దం వెనక్కి పెట్టి చూడాలి.

తర్వాత ఒక చదరపు మీటరు నమూనా. సన్నటి ఉలి, సుత్తి, చేతి పని. ఉలి మొన సందు కన్నా సన్నగా ఉండాలి. తిరిగే కోత యంత్రం వాడనివ్వకండి, నిలువు సందుల దగ్గర పైకీ కిందికీ ఇటుకను కోసేస్తుంది, ఆ గాటు ఇక పోదు. లోతు కనీసం 25 మిల్లీమీటర్లు, లేదా సందు వెడల్పుకు రెండింతలు, ఏది ఎక్కువైతే అది. వెనక చివర చదరంగా ఉండాలి. ఎక్కడైనా సిమెంటు ఇటుకను మరీ కరిచి పట్టుకొని, తీస్తే అంచులు విరుగుతుంటే, అక్కడ వదిలేయండి. కొన్నేళ్లకు అదే వదులవుతుంది.

మాలుకు: గాలివాన తగిలే గోడ కాబట్టి ఎన్‌హెచ్‌ఎల్ 3.5 రకం సహజ హైడ్రాలిక్ సున్నం (తడిలోనూ గట్టిపడే సున్నం) ఒక పాలు, గరుకు ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు, కొలత డబ్బాతో. నీడపట్టున ఉన్న గోడలకు ఎన్‌హెచ్‌ఎల్ 2 చాలు. ఇసుకలో సన్నమూ ముతకా రెండూ ఉండాలి, ఒకే సైజు సన్నిసుక అయితే మాలు పగుళ్లిస్తుంది. "పట్టు కోసం గుప్పెడు" అంటూ సిమెంటు కలపనివ్వకండి.

సందులు పైనుంచి కిందికి కడిగి, దుమ్ము పోయాక తడిపి, నీళ్లు మెరవడం ఆగాక మాలు లోపలిదాకా కుక్కాలి. బొటనవేలితో నొక్కితే దిగకుండా, గోరుతో గీస్తే గీత పడే స్థితికి వచ్చినప్పుడు గట్టి కుచ్చు బ్రష్షుతో కొట్టాలి, రుద్దకూడదు. అప్పుడు ఇసుక రేణువులు బయటపడి తడి ఆరడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. ఇటుక అంచులు అరిగి గుండ్రమై ఉంటే మాలును వాటి మీదికి తేకుండా కొద్దిగా లోపలే ఆపండి, లేకపోతే సందు రెండింతల వెడల్పుగా కనిపించి, ఆ పలుచటి అంచు మొదటి చలికే రాలుతుంది. తర్వాత కనీసం వారం రోజులు తడి గోనె పట్టాలు. ఐదు డిగ్రీలకు దిగే రోజుల్లో ఈ పని చేయకూడదు, అక్టోబరు సెలవులకు పెడతామంటే వద్దనండి.

ముఖం పూర్తిగా పోయిన ఇటుకను జాగ్రత్తగా ఊడదీసి, వెనక్కి తిప్పి పెట్టవచ్చు, వెనక ముఖం చాలాసార్లు చెక్కు చెదరకుండా ఉంటుంది. కొత్తవి తెస్తే కొలత చూడండి. ఇప్పటి ఇటుక ఎత్తు 65 మిల్లీమీటర్లు, పాతవి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. పది వరుసలకు అది రెండు మూడు సెంటీమీటర్ల తేడా అవుతుంది, వరుస తప్పినట్టు దూరం నుంచే తెలుస్తుంది.

కిటికీల పైన ఎర్ర కమానుల జోలికి మామూలు తాపీ మేస్త్రీని పంపకండి. అవి మెత్తటి ఎర్ర ఇటుకలను కొలతకు అరగదీసి, సున్నపు ముద్దలో ముంచి, ఒకటి రెండు మిల్లీమీటర్ల సందుతో పేర్చినవి. అక్కడ తవ్వడానికి సందే లేదు. కమాను జారకపోతే ముట్టుకోకపోవడమే మరమ్మతు.

ప్రశ్న వేసినవారు

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. ప్లాస్టిక్ వద్దనుకున్నా, ఉన్న చెక్క రెక్కల్లోనే డబుల్ గాజు బిగించవచ్చా? చలి నిజంగానే ఎక్కువ. ఇంకొకటి, పై హాలు కింది సీలింగులో సమాన దూరాల్లో, ఒకదానికొకటి సమాంతరంగా సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి, ఒకచోట తుప్పు మరక కూడా ఉంది.

జవాబు 4

కిటికీ వరకు చెబుతాను. ఈ కిటికీకి పైకీ కిందికీ జారే రెండు రెక్కలుంటాయి, అవి తూకం మీద నడుస్తాయి. చట్రం లోపలి పెట్టెలో ఇనుప గుండ్లు, పైన కప్పీ, మధ్యలో తాడు. పై రెక్కకు కట్టిన గుండ్లు రెండూ కలిపి రెక్క కన్నా కొంచెం బరువుండాలి, అప్పుడు అది పైన నిలుస్తుంది. కింది రెక్కకు కొంచెం తక్కువుండాలి, అప్పుడు మూసినచోట కూర్చుంటుంది.

ఇప్పుడు లెక్క వేయండి. గాజు ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. 1.2 చదరపు మీటర్ల రెక్కలో 3 మిల్లీమీటర్ల పాత గాజు 9 కిలోలు. నాలుగూ నాలుగూ మిల్లీమీటర్ల డబుల్ గాజు 24 కిలోలు. రెక్కకు 15 కిలోలు పెరిగింది. అంత బరువు ఇనుప గుండు పొడవు పెట్టెలో పట్టకపోవచ్చు, అప్పుడు సీసం గుండ్లు వేయాలి, ఇనుము సాంద్రత 7.2 అయితే సీసానిది 11.3. గాజు పట్టీలు సన్నగా ఉన్న రెక్క ఆ మందాన్ని మోయలేదు, పాతికేళ్లు గడవకముందే గాజుల మధ్య మసక పట్టి మళ్లీ విప్పాల్సి వస్తుంది. పాత గాజులోని సన్నటి అలలూ పోతాయి.

నా సలహా వేరే. మొదట రెక్కలు బాగు చేసి, రెండు రెక్కలు కలిసే అడ్డపట్టీలోనూ పక్క పట్టీల్లోనూ బ్రష్షు సీలు పెట్టించండి. చలి ఎక్కువగా వచ్చేది గాజులోంచి కాదు, ఆ సందుల్లోంచి. తర్వాత లోపలి వైపు విడిగా రెండో గాజు తలుపు. మధ్యలో 100 మిల్లీమీటర్ల జాగా ఉంటే రోడ్డు శబ్దం కూడా బాగా తగ్గుతుంది. ఇదీ రక్షిత కట్టడంలో మార్పే కాబట్టి స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి, కానీ సులువుగా తీసేయదగ్గది కాబట్టి దొరికే అవకాశం ఎక్కువ. ప్లాస్టిక్ కిటికీలు అనుమతి లేకుండా పెడితే రక్షిత కట్టడాల 1990 చట్టం ప్రకారం అది నేరం. రక్షణ లోపలి భాగాలకూ వర్తిస్తుంది, హాలు పక్క గాజు తలుపులు, మెట్ల దగ్గరి మెరుగు ఇటుకలతో సహా.

కుళ్లేది ఎప్పుడూ కింది అంచే. పెన్‌నైఫ్ గుచ్చి చూసి, గట్టి చెక్క వచ్చేదాకా కోసి కొత్త ముక్క అతకాలి. అతుకు ఏటవాలు బయటికి ఉండాలి, నీళ్లు జారిపోవాలి. రంగుతో అంటుకుపోయిన రెక్కను గడ్డపారతో లేపకండి, సన్నటి కత్తితో రంగు గీత కోస్తే వస్తుంది. పాత పొరల్లో సీసం ఉంటుందనే అనుకోండి. పొడి ఉప్పుకాగితం వద్దు, మంట వద్దు. తడిపి రుద్దడం, సన్న దుమ్ము పట్టే వ్యాక్యూమ్, అదీ పిల్లలు లేని సెలవుల్లో.

జవాబు 5

సీలింగు పగుళ్లు మిగతా అన్నిటికన్నా ముందు చూడాల్సినవి. అప్పట్లో మంటకు తట్టుకోవాలని ఇనుప దూలాలను దగ్గర దగ్గరగా పరిచి మధ్యలో కాంక్రీటు నింపేవారు. ఆ కాంక్రీటులో కంకరకు బదులు చవగ్గా దొరికే కోక్ బొగ్గు తుక్కు వేసిన నేలలు చాలా ఉన్నాయి. తుక్కులో గంధకం ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం ఏమీ కాదు. తడిస్తే ఆమ్లమై దూలాన్ని తింటుంది, తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఉబ్బి, దూలం పొడవునా కాంక్రీటును చీలుస్తుంది. సమాన దూరంలో గీతలంటే దాదాపుగా ఇదే.

తడి పైనుంచి వస్తుంటే కప్పు మధ్య లోయలోని సీసం గట్టరు చూడండి. సీసం ఎండకు బాగా సాగుతుంది, మూడు మీటర్ల రేకు 50 డిగ్రీల తేడాకు నాలుగు మిల్లీమీటర్లకు పైగా. పొడవాటి రేకును మేకులతో బిగిస్తే ప్రతి వేసవికీ నలిగి నలిగి చీలుతుంది. మందపు కోడ్ 7 రేకునైనా గట్టరులో రెండున్నర మీటర్లు దాటనివ్వకుండా మెట్టు పెట్టాలి. చీలిక మీద తారు పూస్తే ఒక్క ఏడాది ఆగుతుంది, తర్వాత ఆ సీసం అతకడానికి కూడా పనికిరాదు.

వరుస ఇది: గట్టరు ముందు. ఆస్‌బెస్టాస్ (పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు) సర్వే తర్వాత, ఆ సర్వే లేకుండా సీలింగుకు ఒక్క రంధ్రం కూడా పెట్టనివ్వకండి. బ్రిటన్‌లో 1999 దాకా ఆస్‌బెస్టాస్ మీద పూర్తి నిషేధం లేదు, పాత బాయిలరు గొట్టాల చుట్టూ, తర్వాత అతికించిన సీలింగు పలకల్లో అది ఉండవచ్చు. సర్వే అయ్యాక తుప్పు మరక ఉన్నచోట అడుగు చదరం తెరిచి, దూలం అంచు ఎంత మిగిలిందో స్ట్రక్చరల్ ఇంజినీరు కొలవాలి. ఆ కొలత వచ్చేదాకా పై హాలులో ఆ భాగం మీద కుర్చీల దొంతరలూ, పుస్తకాల బీరువాలూ ఉంచకండి, కింది గదిలో ఆ మరక కింద పిల్లల బల్లలు వేయకండి.